తిరగెయ్యి మే

తుపాను వెలిసి మూడు రోజులైనా
ఉదయగిరి దుర్గం మీంచి మబ్బు దిగలేదు.
మాలకొండయ్య బిక్కికట్టెల మోపు
మా గుమ్మం ముందు ధబ్బున పడేసి
"మూడొందలు, తగ్గేదేం లేదు" అన్నాడు.

ఖాలా బేరమాడలేదు.
ఒక కట్టె మొదట్లో
తెల్లగా ఏదో అంటుకుని ఉంటే
అక్కడే ఆగిపోయింది ఆమె చూపు.

కుక్కగొడుగు, అన్నాను నేను.
సున్నం, అన్నాడు మాలకొండయ్య.
ఎదురింటి జాకీరా కొడుకు
ఫోన్‌తో ఫొటో కొట్టి
నాలుగు పేర్లు చదివాడు.
ఒక్కదానికీ నోరు తిరగలేదు,
నాలుగింటికీ బొమ్మ ఒకటే.

"పైనుంచి చూస్తే అన్నీ తెల్లనివే.
తిరగెయ్యి మే."

బొటనవేలి గోరంత విసనకర్ర.
కాడ లేదు,
ఒక కొసతోనే కట్టెని పట్టుకుని ఉంది.
పైన నూగు,
అప్పుడే పుట్టిన మేకపిల్ల చెవి మీది లాంటిది.
తిరగేస్తే గీతలు,
పట్టు దగ్గర ఒక్కచోట మొదలై
అంచుకు పోయేకొద్దీ విడిపోయే గీతలు.

"గీతలు చానా వాటికుంటాయి.
కన్ను దగ్గర పెట్టు."

ఖాలా కళ్లద్దాలే అడిగి తీసుకుని పెట్టాను.
ఒక్కో గీతా నట్టనడుమ చీలి ఉంది,
సిరాకలం పాళీలా.
చీలిన రెండు పెదవులూ
పోట్లాడుకున్న తోడికోడళ్లలా
చెరోవైపు ముడుచుకుని ఉన్నాయి.

"చీలుంటే ఇది.
సూది చిల్లులుంటే వేరేది,
నున్నగుంటే ఇంకోటి.
రంగు నమ్మబాక,
వానకు బూడిద, ఎండకు తెలుపు,
రంగుదేముంది."

"తినొచ్చా?" మాలకొండయ్య.
"నువ్వు తిని చెప్పు, రేపు మేం తింటాం."

ఉలి తిప్పి పిడితో కొట్టింది.
మంచి బిక్కి టంగుమంటుంది,
మసీదు మెట్ల మీద చిల్లర పడ్డట్టు.
ఇది
దుప్పటి లోపల దగ్గినట్టు మోగింది.

"బరువంతా తినేసి
ఆకారం వదిలేస్తది ఇది.
దీంతో గరిటె చేస్తే చూసేదానికి గరిటే,
పప్పు మెదిపేటప్పుడు తెలుస్తది."

మూడు కట్టెలు పక్కకు పడ్డాయి,
నలభై రూపాయలు తగ్గాయి.
పొయ్యిలోకి కూడా వద్దంది,
మంటే గాని సెగుండదంట.

మాలకొండయ్య డబ్బు మడిచి
తలగుడ్డలో దోపుకుంటూ
"దాన్ని తిట్టబాక బీబమ్మా" అన్నాడు,
"మా తాత నాటి నుంచి కూలిన మాన్లన్నీ
అట్టే పడుంటే
వెలిగొండలో నాకు నడిచే దోవ ఏది?"

ఖాలా జవాబు చెప్పలేదు.
అంగీకరించిందని కాదు,
అప్పటికే ఒక ఫోర్కుకి
రెండో పన్ను కోస్తా ఉంది.

ఆ విసనకర్రల్లో ఒకదాన్ని
ఆకురాయి డబ్బాలో దాచి
మరిచిపోయాను.

రెండు ఎండాకాలాలు పోయాయి.
ముప్పై ఏళ్లు రంపం పట్టిన ఖాలా వేళ్లు
పట్టుకున్నట్టే ఉండిపోయాయి.
రంపం మాత్రం ఇప్పుడు నా దగ్గరుంది.

మొన్న డబ్బా బోర్లిస్తే
అడుగున అదే,
అప్పడం ముక్కలా ఎండి
పిడికిలి బిగించుకుని ఉంది.
మంచినీళ్ల గ్లాసులో వేసి
పనిలో పడ్డాను.
రెండు చెంచాలు నునుపు పెట్టి తల ఎత్తేసరికి
విచ్చుకుని ఉంది.
అంచు అంచంతా,
ఏమీ జరగనట్టు.

గ్లాసు తీసుకుని పరిగెత్తాను.
ఖాలా మంచం మీద లేచి కూర్చుంది,
సంగతి వినింది,
తన చూపుడువేలు ఆ నీళ్లలో ముంచి
కాసేపు ఉంచింది.
తీసి చూసుకుని నవ్వింది.
"నాకు పనిచెయ్యలా."

తర్వాత, అద్దాలు వెతుక్కోకుండానే:
"చీలుందా?"
ఉంది, అన్నాను.
"తిరగేసి చూసినావా?"
చూశాను.
"అయితే అదే."